తాళములకు పరీక్ష పెట్టిన హాబ్స్

ఇల్లు కట్టుకొనినవాడు తలుపు పెట్టుకొనును. తలుపు పెట్టుకొనినవాడు తాళము కొనును. తాళము వేసి, దానిని ఒకటికి రెండుమారులు లాగి చూచి, తాళపుచెవిని కొంగున ముడివేసికొని ఊరికి పోవు ఇల్లాలు తన సొత్తు భద్రముగా నున్నదని నమ్మును. బ్యాంకులో ధనము దాచుకొనిన వర్తకుడును అట్లే నమ్మును. కాని ఆ నమ్మకమునకు ఆధారమేమి? తాళము చేసినవాడు అది గట్టిదని చెప్పెను. కొనినవాడు విని ఊరకుండెను. అంతకు మించి విచారించువారు లోకమున అరుదు.

అట్లు విచారించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. తాళపుచెవి లేకయే తాళమును తెరచు విద్యలో అతడు అందెవేసిన చేయి. అట్టి విద్య నేర్చినవాడు దొంగయై యుండునని లోకులు తలతురు. హాబ్స్ మాత్రము ఆ విద్యను పదిమంది యెదుట, పట్టపగలు, అనుమతి పొంది ప్రదర్శించి, తాళముల లోపములను బయటపెట్టెను. అతని వలన గొప్ప గొప్ప వర్తక సంస్థల గర్వము అణగెను. తాళములు చేయు విద్య ముందునకు సాగెను.

హాబ్స్ 1812వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. అతడు పసివాడుగా నున్నప్పుడే తండ్రి మరణించెను. ఇల్లు గడుచుట కష్టమయ్యెను. అందువలన చిన్నతనముననే అతడు కష్టపడి పని చేయవలసి వచ్చెను. మొదట పొలము పనికి కుదిరెను. పిమ్మట దుకాణములో గుమాస్తాగా నుండెను. చెక్కపై నగిషీ చెక్కుట, బండ్లు చేయుట, వానికి రంగులు వేయుట మున్నగు పనులను ఒకదాని వెంట నొకటి చేసెను. ఒక పనియందు నిలుకడ లేనివాడని చూచువారికి తోచియుండవచ్చును. కాని ఈ పనులన్నియు అతని వ్రేళ్ళకు చదువు చెప్పినవి. కొయ్యకు ఎంత బలము కావలెనో, ఇనుము ఎంత ఒత్తిడికి కదలునో, రేకు ఎచట వంగునో అతడు పుస్తకములలో గాక చేతితో నేర్చుకొనెను.

తరువాత అతడు మసాచుసెట్స్ రాష్ట్రమునందలి శాండ్విచ్ అను ఊరి గాజు కర్మాగారమున చేరి, గాజు కోయు పని నేర్చెను. ఆ కాలమున సంపన్నుల యిండ్ల తలుపులకు గాజుతో చేసిన పిడులు బిగించుట వేడుకగా నుండెను. గాజుపిడిని లోహపు తొడుగునకు గట్టిగా అతుకుట సులభము కాదు. హాబ్స్ అందులకు ఒక క్రొత్త పద్ధతిని కనిపెట్టి, దానిపై ప్రభుత్వమునుండి హక్కుపత్రమును పొందెను. తలుపు పిడి యున్నచోట తాళమును ఉండును గదా! పిడిని బిగించుచు అతడు ప్రక్కనున్న తాళమువైపు చూచెను. ఆ చూపే అతని జీవితమును మలుపు త్రిప్పెను.

కొంతకాలమునకు హాబ్స్ ఇనుపపెట్టెలను, తాళములను అమ్ము వృత్తిలో ప్రవేశించెను. న్యూయార్కు నగరమున డే అండ్ న్యూయెల్ అను పేరుగల సంస్థ యొకటి బ్యాంకుల కొరకు విలువైన తాళములను తయారుచేయుచుండెను. హాబ్స్ ఆ సంస్థకు విక్రయ ప్రతినిధి యయ్యెను. తక్కిన అమ్మకందార్లు తమ సరకును పొగడుచుందురు. హాబ్స్ పద్ధతి వేరు. అతడు బ్యాంకునకు పోయి, అచటి అధికారుల అనుమతితో, వారి యెదుటనే వారి ఖజానా తాళమును సన్నని చువ్వలతో తెరచి చూపెడివాడు. తమ తాళమును చూచుకొని ధీమాగా నున్న అధికారులకు నోట మాట రాకుండెను. ఇక వారికి వేరే చెప్పవలసిన పని యేమున్నది? పాత తాళము తీసివేసి క్రొత్త తాళము బిగింపుమని వారే కోరుచుండిరి.

ఇట్లు తెరచుట యెట్లు సాధ్యమయ్యెనో తెలియవలెనన్న, తాళము లోపలి యమరికను కొంచెము గ్రహింపవలెను. తాళములో ముఖ్యమైనది గడియ. గడియ వెనుకకు జరుగకుండ కొన్ని మీటలు దానికి అడ్డుగా నిలిచియుండును. ప్రతి మీటయందును ఒక గాటు ఉండును. తాళపుచెవిని త్రిప్పినప్పుడు దాని పండ్లు ఒక్కొక్క మీటను ఒక్కొక్క యెత్తునకు లేపును. అన్ని మీటల గాట్లును ఒకే వరుసకు వచ్చినప్పుడు దారి యేర్పడును, గడియ కదలును. ఒక్క మీట కొంచెము తక్కువ లేచినను, కొంచెము ఎక్కువ లేచినను గడియ కదలదు. మన యిండ్లలో వాడు తాళపుకప్పలలో పెక్కింటియందు ఇట్టి మీటల యమరికయే కలదు.

కాగితముపై చూచినచో ఈ యమరికకు తిరుగులేదని తోచును. కాని మనుష్యుడు చేసిన వస్తువులలో ఏ రెండును వెంట్రుకవాసి తేడా లేకుండ ఉండవు. ఒక మీట తక్కినవానికంటె రవ్వంత మందముగా నుండును. ఒక గాటు రవ్వంత ప్రక్కకు ఒరిగియుండును. గడియపై మెల్లగా ఒత్తిడి పెట్టినచో ఆ భారము మీటలన్నిటిపై సమముగా పడదు; ఏదో యొక మీట ముందుగా బిగిసికొనును. సన్నని చువ్వతో తడవి చూచినచో తక్కినవి వదులుగా నుండును. బిగిసినది వ్రేలికి తెలియును. దానిని మెల్లగా లేపినచో తన స్థానమునకు వచ్చి నిలుచును. అప్పుడు ఒత్తిడి మరియొక మీటపై పడును. ఇట్లు ఒకదాని తరువాత ఒకటిగా అన్నిటిని నిలిపినచో, తాళపుచెవి లేకయే తాళము తెరచుకొనును. ఇందు మంత్రము లేదు, బలప్రయోగము లేదు. కావలసినవి ఓర్పు, నేర్పు, వ్రేలికొసల జ్ఞానము.

ఆ కాలమున తాళముల తయారీకి పేరుపొందిన దేశము ఇంగ్లండు. 1778వ సంవత్సరమున రాబర్ట్ బారన్ అను నతడు మీటలను హద్దుకు మించి లేపినను తెరచుకొనని తాళమును చేసెను. పిమ్మట 1784లో జోసెఫ్ బ్రామా మరియొక విధమైన తాళమునకు హక్కుపత్రము పొందెను. బ్రామా యార్క్‌షైర్ ప్రాంతపు రైతుబిడ్డ. నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రమును కూడ కనిపెట్టిన ప్రతిభాశాలి. అతని తాళపుచెవి చిన్న గొట్టమువలె నుండును. గొట్టపు కొనను వేర్వేరు లోతుల చీలికలు ఉండును. చెవిని లోపలికి నెట్టినప్పుడు ఆ చీలికలు ఉక్కుపట్టీలను వేర్వేరు దూరములకు త్రోయును. పట్టీలన్నియు సరియైన చోట నిలిచిననే లోపలి గుండ్రని దిమ్మె తిరుగును.

తన తాళమునందు బ్రామాకు గల నమ్మకము ఇంతింతనరానిది. అతని సంస్థవారు లండన్ నగరమున పికడిలీ వీథిలోని తమ దుకాణపు కిటికీయందు ఒక తాళమును వ్రేలాడదీసిరి. ఉపకరణముతో ఈ తాళమును తెరచినవారికి తెచ్చిన క్షణముననే 200 గినీల బహుమానము ఇత్తుమని దానిపై ప్రకటించిరి. ఆ రోజులలో 200 గినీలనగా 210 పౌన్లు. సామాన్యుడు కలలోనైనను ఊహింపలేని ధనము. ఆ తాళమునందు 18 ఉక్కుపట్టీలు ఉండెను. ఏండ్లు గడచెను. 1814లో బ్రామా కాలధర్మము నొందెను. అతని కుమారులు వ్యాపారమును సాగించిరి. కిటికీలోని తాళము మాత్రము తెరువబడలేదు. దారిని పోవువారు దానిని చూచి, ఇది మానవమాత్రునికి లొంగునది కాదని చెప్పుకొనుచుండిరి.

ఇంగ్లండున మరియొక ప్రఖ్యాత తాళము కలదు. 1818లో జెరెమియా చబ్ అను నతడు దానిని నిర్మించెను. ఎవడైన దొంగచువ్వతో ఒక మీటను హద్దుమీరి లేపినచో, లోపలి స్ప్రింగు దానిని పట్టుకొనును, తాళము బిగిసిపోవును. తరువాత యజమాని వచ్చి తన చెవితో తెరువబోయినప్పుడు, తన తాళముపై ఎవడో చేయి వేసెనని అతనికి తెలిసిపోవును. అనగా ఆ తాళము దొంగను అడ్డగించుటయే గాక, దొంగ వచ్చిపోయిన జాడను కూడ తెలుపును. పోర్ట్స్‌మత్ రేవునందలి ఓడ చెరసాలలో నున్న ఖైదీ యొకడు, పూర్వము తాళములు చేయు వృత్తివాడు, దీనిని తెరువబూనెను. తెరచినచో ప్రభుత్వమువారు శిక్ష రద్దుచేయుదురనియు, చబ్ 100 పౌన్లు ఇచ్చుననియు మాట యిచ్చిరి. స్వేచ్ఛ కంటె గొప్ప బహుమానము ఖైదీకి ఏమున్నది? అయినను నెలల తరబడి ప్రయత్నించి, తుదకు అతడు తన యోటమిని ఒప్పుకొనెను. నాటినుండి చబ్ తాళమునకు ఎదురు లేకపోయెను.

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండన్ నగరపు హైడ్ పార్కులో, గాజుతోను ఇనుముతోను కట్టిన క్రిస్టల్ పాలెస్ అను మహాసౌధమున, సకల దేశముల పరిశ్రమల ప్రదర్శనము ప్రారంభమయ్యెను. దేశదేశములనుండి యంత్రములు, వస్త్రములు, ఆభరణములు, పనిముట్లు తరలివచ్చెను. డే అండ్ న్యూయెల్ సంస్థవారి తాళమును ప్రదర్శించుటకు హాబ్స్ సముద్రము దాటి వచ్చెను. అప్పటి కతని వయస్సు 38 సంవత్సరములు. తమ తాళమును చూపుటతో అతడు తృప్తి చెందలేదు. ఇంగ్లండులో ప్రసిద్ధికెక్కిన తాళములన్నియు తెరువదగినవేయని అతడు బాహాటముగా చెప్పెను. విన్నవారిలో కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. పరదేశమునుండి వచ్చిన అమ్మకందారు తమ దేశపు గౌరవమునే ధిక్కరించుచున్నాడని వారికి తోచెను. హాబ్స్ ఇక వెనుకకు పోలేని స్థితిలో పడెను. మాట నిలుపుకొనలేనిచో అతడును, అతని సంస్థయు నవ్వులపాలు కాక తప్పదు.

జూలై 22వ తేదీన వెస్ట్‌మినిస్టరు ప్రాంతమున గ్రేట్ జార్జి వీథిలోని 34వ నంబరు భవనమున మొదటి పరీక్ష జరిగెను. ఆ భవనమునందలి ఖజానా గది యినుప తలుపునకు చబ్ తాళము బిగింపబడియుండెను. సాక్షులుగా వచ్చిన పెద్దమనుష్యులు ముందుగా తాళము సరిగా వేయబడియున్నదని చూచుకొనిరి. హాబ్స్ తన చిన్న పనిముట్లను తీసి పని ప్రారంభించెను. అందరును ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. ఇరువది యైదు నిమిషములు గడచెను. గడియ జరిగెను, తలుపు తెరచుకొనెను. మరల మూసి చూపుమని సాక్షులు కోరగా, ఏడు నిమిషములైనను గడువకముందే అతడు గడియను యథాస్థానమునకు చేర్చెను. తాళమునకు గాని, తలుపునకు గాని చిన్న గీత యైనను పడలేదు.

దొంగను పట్టియిచ్చు స్ప్రింగు ఏమయ్యెను? హాబ్స్ ఆ స్ప్రింగును శత్రువుగా గాక సహాయకునిగా తలచెను. మీట హద్దు మీరినప్పుడు స్ప్రింగు దానిని పట్టుకొనుటయే ఒక వార్త. ఆ మీటను అంత యెత్తునకు లేపరాదని ఆ పట్టు చెప్పుచున్నది. దొంగకు ఉచ్చుగా పన్నినదే, తెలిసినవానికి దారి చూపు దీపమయ్యెను. కాపలావాడు దాగియుండక, గదిలో ఎచట నిలిచియున్నాడో దగ్గి తెలిపినట్లు ఆ తాళము తన రహస్యమును తానే చెప్పుకొనెను.

ఇక మిగిలినది బ్రామా తాళము. అరువది యేండ్లనాటి కీర్తి దానిని కాపాడుచుండెను. బ్రామా సంస్థవారు వెనుదీయక పరీక్షకు అంగీకరించిరి. ముగ్గురు మధ్యవర్తులు ఏర్పడిరి. వారిలో జార్జి రెన్నీ అను సుప్రసిద్ధ ఇంజనీరు ఒకడు. తాళమును రెండు చెక్కపలకల నడుమ బిగించి, చెవి దూర్చు రంధ్రము మాత్రమే కనబడునట్లు అమర్చి, ముద్రలు వేసిరి. హాబ్స్‌కు ముప్పది దినముల గడువిచ్చిరి. నిజమైన తాళపుచెవిని అతనికి చూపరాదని నియమము.

ఇది ఇరువది యైదు నిమిషముల పని కాదు. 18 పట్టీలలో ప్రతిదానియందును నిజమైన గాటుతో పాటు మోసపు గాట్లును ఉండెను. వ్రేలికి సరియైన చోటు దొరకినట్లే తోచును. కాని అది వట్టి భ్రమ. హాబ్స్ తాళపు దిమ్మెపై ఒకే విధమైన ఒత్తిడి ఎల్లప్పుడును ఉండునట్లు బరువుతో కూడిన సాధనమొకటి అమర్చుకొనెను. పిమ్మట ఒక్కొక్క పట్టీని త్రోసి, అది ఎంత లోతున బిగియుచున్నదో కొలిచి, ఆ కొలతను జ్ఞాపకముంచుకొనుచు సాగెను. ఒక పట్టీ నిలిచినదని సంతోషించునంతలో వేరొకటి జారిపోవును. మరల మొదటికి రావలెను. ఒకనాడు కాదు, రెండునాళ్ళు కాదు. పదునారు దినములలో మొత్తము 51 గంటలు అతడు ఆ చిన్న రంధ్రము నెదుట కూర్చుండెను. విసుగు చెందక, తొందరపడక, బలము చూపక, కొలతలపై కొలతలు కూర్చుకొనెను. తుదకు ఆగస్టు నెలలో దిమ్మె తిరిగెను. అరువది యేండ్లు లొంగని తాళము లొంగెను.

మధ్యవర్తులు తాళమును పరిశీలించి, అది చెడలేదనియు, హాబ్స్ షరతులను నెరవేర్చెననియు తీర్పు చెప్పిరి. బ్రామా సంస్థవారు మాత్రము ఆక్షేపణ తెలిపిరి. ఇన్ని దినములు నిశ్చింతగా కూర్చుండి, సాధనములను తాళమునకు బిగించియుంచి పనిచేయు అవకాశము ఏ దొంగకు లభించునని వారు ప్రశ్నించిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. 51 గంటలు ఎదిరించి నిలిచిన తాళము దొంగతనమును ఆపుటకు చాలినదే. అయినను ప్రకటనలో గడువును గూర్చిన మాట యేదియు లేదు. ఇచ్చిన మాటకు కట్టుబడి వారు 200 గినీలను చెల్లించిరి. ఓడినవారైనను మాట తప్పని ఆ సంస్థవారి నడవడియు మెచ్చదగినదే.

ఈ వార్త పత్రికలలో ప్రకటితము కాగా ఇంగ్లండు దేశమంతట అలజడి చెలరేగెను. బ్యాంకుల యజమానులు, రత్నముల వర్తకులు, ఇండ్లవారు తమ తలుపుల వంక అనుమానముతో చూడసాగిరి. హాబ్స్ చేసినది తప్పని వాదించినవారు పెక్కుమంది. తాళముల లోపములను బయటపెట్టినచో దొంగలకు దారి చూపినట్లగునని వారు భయపడిరి. తెలియక నిశ్చింతగా నుండుట తెలిసి భయపడుటకంటె మేలని వారి యభిప్రాయము.

ఈ వాదమునకు సమాధానము 1853లో వెలువడిన గ్రంథమున లభించెను. తాళముల నిర్మాణమును గూర్చిన ఆ గ్రంథమును హాబ్స్ సహాయముతో చార్లెస్ టామ్లిన్‌సన్ కూర్చెను. అందలి వాదమిది: దొంగలు తమ వృత్తియందు ఆరితేరినవారు, మనము చెప్పకముందే వారికి తాళముల మర్మములు తెలియును. తెలియనిది తాళము కొని నమ్మియున్న సజ్జనునికి మాత్రమే. కనుక రహస్యమును దాచుట వలన మోసపోవువాడు సజ్జనుడే గాని దొంగ కాడు. లోపము బయటపడినచో తాళము చేసినవాడు సిగ్గుపడి దానిని సవరించును. కొనువాడు మేలైనదానిని ఎన్నుకొనును. గాయమును కప్పిపుచ్చుటవలన నయము కాదు; వైద్యునికి చూపినప్పుడే నయమగును. నేడు కంప్యూటర్ల భద్రతను గూర్చి యోచించు శాస్త్రజ్ఞులు కూడ ఈ వాదమును స్మరించుచుందురు.

పరులను పరీక్షించువాడు తానును పరీక్షకు సిద్ధపడవలెను. హాబ్స్‌కును ఆ గతి తప్పలేదు. అతడు పొగడిన న్యూయెల్ తాళమును అతని దేశీయుడే యగు లైనస్ యేల్ అను యువకుడు కొలది సంవత్సరములకే తెరువగలిగెను. 1854లో చబ్ కర్మాగారపు పనివాడొకడు హాబ్స్ తాళములలో నొకదానిని తెరచి చూపెను. ఇట్లు ఒకని తాళమును మరియొకడు పరీక్షించుట వలన నష్టము కలిగెనా? లేదు. చబ్ సంస్థవారు తమ తాళములను మెరుగుపరచిరి. యేల్ 1861లోను, 1865లోను చిన్న పిన్నులతో పనిచేయు క్రొత్త తాళమునకు హక్కుపత్రములు పొందెను. పలుచని తాళపుచెవితో తెరచుకొను ఆ తాళము నేడు లోకమంతట వ్యాపించినది. ఓటమినుండి పాఠము నేర్చినవారి చేతిలో ఓటమియే గురువగును.

ప్రదర్శనము ముగిసిన పిమ్మటను హాబ్స్ ఇంగ్లండుననే నిలిచి, లండనులో తాళముల సంస్థను స్థాపించెను. అంతవరకు తాళములను చేతితో ఒక్కొక్కటిగా ఆకురాయితో రాచి చేయుచుండిరి. హాబ్స్ యంత్రముల సహాయమున భాగములను ఒకే కొలతతో తయారుచేయు అమెరికా పద్ధతిని ప్రవేశపెట్టెను. అందువలన పనితనము పెరిగి, వెల తగ్గెను. మేలైన తాళము ధనికులకే గాక మధ్యతరగతివారికిని అందుబాటులోనికి వచ్చెను.

1860వ సంవత్సరమున అతడు స్వదేశమునకు మరలెను. కుట్టుయంత్రమును కనిపెట్టినవారిలో ఒకడగు ఎలియాస్ హో కర్మాగార నిర్మాణమునకు అతని సహాయమును కోరెను. 1866లో కనెక్టికట్ రాష్ట్రమునందలి బ్రిడ్జిపోర్టు నగరమున తూటాలు తయారుచేయు కర్మాగారమునకు అతడు పర్యవేక్షకుడయ్యెను. అచటను ఊరకుండక పెక్కు మెరుగులను కనిపెట్టి హక్కుపత్రములు పొందెను. దాదాపు ఎనుబది యేండ్ల వయస్సు వరకు పనిచేసి, 1891వ సంవత్సరము నవంబరు 6వ తేదీన ఆ నగరముననే కన్నుమూసెను. అతడు తెరచిన బ్రామా తాళము నేటికిని లండనులోని సైన్స్ మ్యూజియమున భద్రపరచబడియున్నది.

హాబ్స్ పోయిన పిమ్మట ఆ విద్య నశింపలేదు. నేడు పెక్కు దేశములలో యువకులు, వృద్ధులు తీరిక వేళలలో తాళములను చెవి లేకుండ తెరచుటను వినోదముగాను, చేతికి చదువుగాను అభ్యసించుచున్నారు. 1997లో జర్మనీ దేశమున ఇట్టి అభ్యాసకుల సంఘమొకటి ఏర్పడెను. వారు పోటీలు కూడ జరుపుదురు. క్రొత్తగా నేర్చువానికి కావలసిన పనిముట్లు రెండే: ఒత్తిడి నిలుపుటకు వంచిన ఉక్కురేకు ఒకటి, పిన్నులను లేపుటకు కొనను కొక్కెము గల సన్నని చువ్వ యొకటి. లోపలి భాగములు కంటికి కనబడునట్లు పారదర్శకముగా చేసిన అభ్యాసపు తాళములును దొరకును. కాని కంటికి అలవాటు పడినచో చేయి నేర్వదని అనుభవజ్ఞులు చెప్పుదురు. అందువలన సామాన్యమైన తాళమును తీసికొని, మొదట అందు రెండు పిన్నులను మాత్రమే యుంచి తెరచుట, పిదప మూడు, నాలుగు, ఐదుగా పెంచుకొనుచు పోవుట మేలైన పద్ధతి. మొదట ఓనమాలు, తరువాత గుణింతము నేర్చినట్లే ఇదియును.

ఆ అభ్యాసకులు దాటరాని హద్దులు రెండు కలవు. తనది కాని తాళమును యజమాని అనుమతి లేక తాకరాదు. తనదైనను వాడుకలోనున్న తాళముపై అభ్యాసము చేయరాదు. చువ్వ జారి అది చెడినచో ఇల్లు చేరినవారికి తలుపు తెరచుకొనదు. హాబ్స్ ఖజానా తలుపు నెదుట సాక్షులను నిలుపుకొనుటయు, బ్రామా తాళమునకు మధ్యవర్తులను అంగీకరించుటయు ఈ మర్యాద కొరకే. చువ్వ ఒక్కటే; దానిని పట్టిన చేతి వెనుకనున్న మనస్సును బట్టి అది దొంగ పనిముట్టగును, లేక పరీక్షకుని పనిముట్టగును.

పొగడ్తలతో కాక పరీక్షతో వస్తువు విలువ తెలియును. బంగారమును నిప్పులో కాల్చి, గీటురాతిపై గీచి చూచినట్లే, విద్యను, వస్తువును, మాటను కూడ పరీక్షించి చూడవలెను. ఆ పరీక్ష బహిరంగముగా, ఓర్పుతో, ఎదుటివాని మేలు కోరి జరుగవలెను. తండ్రిని కోల్పోయి పొలము పనికి పోయిన బాలుడు, 51 గంటలు ఒక చిన్న రంధ్రము నెదుట కూర్చుండి, లోకమునకు నేర్పిన పాఠమిదియే.